రేగడి నేలలో జీపు: ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో పాత ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాల సొంత మరమ్మతు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

రెండవ ప్రపంచ యుద్ధంలో సైన్యం కోసం రూపొందిన పావు టన్ను ట్రక్కు, అంటే జీపు, స్వాతంత్ర్యానంతరం ప్రభుత్వ వాహనంగా పల్లెలకు చేరి, వేలంపాట ద్వారా రైతుల, చిన్న వ్యాపారుల చేతికి వచ్చింది. కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు నేల, పంట, పరిశ్రమల నేపథ్యంలో ఆ వాహనం దీర్ఘకాలం మన్నడానికి దోహదం చేసిన మరమ్మతు పరిజ్ఞానాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇటీవలి చట్టాలు ఆ పరిజ్ఞానాన్ని ఏ స్థితిలో నిలబెట్టాయో చర్చిస్తుంది.

కీలకపదాలు: జీపు, మరమ్మతు, ఆదోని, ఎమ్మిగనూరు, నల్లరేగడి, సాంకేతిక చరిత్ర, తుక్కు విధానం

1. ఉపోద్ఘాతం

సాంకేతిక చరిత్ర రాసేవారు సాధారణంగా ఒక యంత్రం ఎప్పుడు వచ్చింది, ఎవరు తెచ్చారు అన్న ప్రశ్నలతో మొదలుపెడతారు. వచ్చిన యంత్రం మరో నలభై ఏళ్లు ఎట్లా నడిచింది, ఎవరి చేతుల మీదుగా నడిచింది అన్న ప్రశ్న చాలాకాలం వెనుకబడే ఉంది. డేవిడ్ ఎడ్గర్టన్ ‘ద షాక్ ఆఫ్ ది ఓల్డ్’ గ్రంథంలో ఆవిష్కరణ కంటే వినియోగాన్నీ నిర్వహణనూ కేంద్రంగా చేసుకొని చరిత్ర రాయాలని వాదించాడు. డేవిడ్ ఆర్నాల్డ్ 2013లో వెలువరించిన ‘ఎవ్రీడే టెక్నాలజీ’ కుట్టుమిషను, సైకిలు, టైపురైటరు, బియ్యపు మిల్లు అనే నాలుగు యంత్రాల ద్వారా భారతీయ ఆధునికతను చదివింది. జీపుకు ఆ నాలుగింటి సరసన చోటు దక్కలేదు. గ్రామీణ ఆంధ్రంలో ప్రభుత్వం అనే మాటకు ఒక రూపం ఇచ్చిన యంత్రం ఏదని అడిగితే మాత్రం, జీపు పేరు ముందుగానే వస్తుంది.

రాయలసీమ విషయంలో మరొక చిక్కు ఉంది. 1999లో వచ్చిన ‘సమరసింహారెడ్డి’ తరువాత సాగిన సినిమాల వరుస ఇక్కడి జీపును, సుమోను కక్షల వాహనాలుగా ప్రేక్షకుల మనసులో స్థిరపరచింది. ఆ చిత్రణకు ఆధారం లేదని కాదు. అయితే విత్తనాలు మోసిన జీపు, కాలువ గట్టు మీద తిరిగిన జీపు, షెడ్డులో ఇంజను దింపి నెలల తరబడి ఇటుకల మీద నిలిచిన జీపు ఆ తెర మీద కనిపించవు. కొలతకు వస్తే ఇవే ఎక్కువ.

2. పావు టన్ను ట్రక్కు

వాడుకలో జీపు అన్నప్పటికీ అమెరికా సైనిక పత్రాలలో దాని పేరు ‘పావు టన్ను, నాలుగింటికి నాలుగు ట్రక్కు’. నాలుగు చక్రాలలో నాలుగింటికీ ఇంజను శక్తి అందుతుందని దీని భావం. 1941 నుంచి 1945 వరకు విల్లీస్, ఫోర్డ్ సంస్థలు రెండూ ఒకే నమూనాను ఆరు లక్షలకు పైగా తయారు చేశాయి. ఒక సంస్థ వాహనపు భాగం మరొకదానికి సరిపోవాలన్నది సైన్యం షరతు. దూరదేశపు యుద్ధభూమిలో చెడిపోయిన రెండు బండ్లను కలిపి ఒక మంచి బండిని తయారు చేసుకొనగలగడమే దీని ఉద్దేశం. తరువాతి కాలంలో భారతీయ షెడ్లు అనుసరించిన పద్ధతి సరిగ్గా ఇదే. అంటే ఆ పద్ధతి పేదరికం పుట్టించిన తంటాలు కాదు. యంత్రపు పుట్టుకలోనే ఉన్న గుణం.

1944 నాటి సైనిక నిర్వహణ గ్రంథం ‘టీఎం 9-803’ దీనిని మరింత స్పష్టం చేస్తుంది. నిర్వహణ పనిని అది అంచెలుగా విభజించింది. మొదటి అంచె పూర్తిగా డ్రైవరుది: నూనె చూడటం, గ్రీజు కొట్టడం, నట్లు బిగించడం, బ్యాటరీ, టైర్లు పరీక్షించడం. తరువాతి అంచెలు దళపు మెకానిక్కులవి, ఆపైన వర్క్‌షాపులవి. నడిపేవాడే మొదటి మెకానిక్కు అన్న సూత్రం మీద ఆ గ్రంథం నిర్మితమైంది. ఇదే కాలంలో ‘ఆర్మీ మోటార్స్’ పత్రికలో విల్ ఐస్నర్ వేసిన బొమ్మకథలు అంతగా చదువురాని సైనికులకు సైతం ఈ పనిని నేర్పాయి. తెలుగులో ఇటువంటి బొమ్మల పుస్తకం షెడ్డు కుర్రవాడి చేతికి రాలేదు. అతని పాఠమంతా కంటితో, చేతితో సాగింది.

యంత్రం నిర్మాణం కూడా ఈ పాఠానికి అనుకూలమైనది. ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ నడుమ దూరం 80 అంగుళాలు. నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను సామర్థ్యం సుమారు 2,199 ఘన సెంటీమీటర్లు. యుద్ధకాలపు ఇంజను శక్తి 60 అశ్వశక్తి. బానెట్టు ఎత్తితే ప్రతి భాగం కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది.

3. బొంబాయి నుంచి బ్లాకు ఆఫీసుకు

1945లో మహీంద్రా అండ్ మొహమ్మద్ పేరుతో ఉక్కు వ్యాపారంగా మొదలై, 1948లో మహీంద్రా అండ్ మహీంద్రాగా పేరు మార్చుకున్న సంస్థ 1947 నుంచే విల్లీస్ జీపుల విడిభాగాలను తెప్పించి బొంబాయిలో కూర్చడం ప్రారంభించింది. 1950ల నుంచి క్రమంగా భాగాలు ఇక్కడే తయారయ్యాయి. ఎత్తైన బానెట్టు గల సీజే-3బీ నమూనా దశాబ్దాలపాటు స్వల్పమైన మార్పులతోనే కొనసాగింది. విమర్శకులు దీనిని లైసెన్సు రాజ్యపు జడత్వానికి ఉదాహరణగా చూపుతారు. మరమ్మతు చేసేవాని దృష్టిలో మాత్రం ఇది వరం. తండ్రి నేర్చిన కొలత కొడుకుకు కూడా పనికివచ్చింది.

గ్రామీణ ప్రాంతానికి జీపును తెచ్చింది ప్రధానంగా రాజ్యమే. 1952 అక్టోబరు 2న సామాజిక వికాస పథకం, మరుసటి ఏడాది జాతీయ విస్తరణ సేవ ప్రారంభమయ్యాయి. 1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ సమితులు ఏర్పడ్డాయి. బ్లాకు అభివృద్ధి అధికారి జీపు, సమితి జీపు అనేవి ఆ కాలపు పల్లె జ్ఞాపకాలలో భాగం. 1980ల నడుమ సమితుల స్థానంలో మండలాలు వచ్చిన తరువాత కార్యాలయాల సంఖ్య పెరిగింది. ప్రభుత్వ వాహనానికి లాగ్‌బుక్కు ఉంటుంది. అందులో తిరిగిన దూరం, పోసిన ఇంధనం, మరమ్మతుకైన ఖర్చు నమోదవుతాయి. ఏమి చెడింది, ఎట్లా బాగుచేశారు అన్నది ఒక పంక్తికి మించి ఉండదు. ఖర్చు చరిత్రకు ఆధారం ఉంది. పని చరిత్రకు లేదు. కాలం తీరిన జీపు వేలానికి వచ్చేది. సైన్యం వదిలించుకున్న వాహనాలదీ ఇదే దారి. పాట పాడి కొన్నవారిలో కొందరికి బండి కావాలి, కొందరికి దాని గేర్‌బాక్సు మాత్రమే కావాలి.

4. రేగడి, పత్తి, మిల్లు

ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1 వరకు బళ్లారి జిల్లాలో ఉండేది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు బళ్లారి నుంచి విడిపోయి ఇటు వచ్చాయి. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ వినిపించే ఈ ప్రాంతానికి పాలనా సరిహద్దు కంటే నేల స్వభావమే ప్రధానం. ఎండాకాలంలో కాలు పట్టేంత నెర్రెలు విచ్చే నల్లరేగడి, నాలుగు చినుకులు పడగానే జిగటగా మారి చక్రానికి అంటుకుంటుంది. ఎద్దుల బండి సైతం దిగబడిపోయే దారులలో వెనుక చక్రాలు మాత్రమే తిరిగే మోటారు అక్కడే గుంత తవ్వుకుంటుంది. ముందు చక్రాలు కూడా లాగితే బయటపడే అవకాశం ఉంది. తుంగభద్ర దిగువ కాలువ వచ్చిన తరువాత కాలువ గట్లు, పిల్లకాలువల దారులు దీనికి తోడయ్యాయి.

ఆదోనికి ‘రెండో బొంబాయి’ అన్న పేరు పత్తి వ్యాపారం వల్ల వచ్చింది. మద్రాసు, బొంబాయి మార్గం మీద ఉన్న రైలు స్టేషను, పత్తి మార్కెట్టు, జిన్నింగు, ప్రెస్సింగు మిల్లులు, నూనె మిల్లులు ఆ ఊరి ఆర్థిక జీవితాన్ని నిర్ణయించాయి. జీపు రాకముందే ఆదోనికి ఇంజను తెలుసునన్న సంగతి ఇక్కడ గమనార్హం. మిల్లులో షాఫ్టు, బెల్టు, బేరింగు, బుష్షు ఉంటాయి. వాటిని చూసుకునే ఫిట్టరు ఉంటాడు. అరిగిన షాఫ్టును తిరిగి తోడే లేతు ఉంటుంది. జీపు మరమ్మతుకు కావలసిన పనులలో సగం ఈ పనులే. మోటారు మెకానిక్కు శూన్యం నుంచి పుట్టలేదని, మిల్లు ఫిట్టరు పక్కనే పెరిగాడని భావించడం సమంజసం. ఎమ్మిగనూరు పరిస్థితి వేరు. అక్కడ రైలు లేదు. మాచాని సోమప్ప 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘం ఆ ఊరికి గుర్తింపు తెచ్చింది. రోడ్డు మీదే ఆధారపడిన పట్టణం కావడం వల్ల అక్కడ వాహనం ఆగితే సరుకూ ఆగుతుంది. సంక్రాంతి రోజుల్లో జరిగే నీలకంఠేశ్వరస్వామి జాతరలో పశువుల సంత పేరుపొందినది. ఎద్దు పళ్లు చూసి, నడిపించి చూసి బేరం చేసే రైతు, పాత జీపును కొనేటప్పుడు చేసే పరీక్ష కూడా అటువంటిదే: చల్లని ఇంజను ఎన్ని తిప్పులకు అందుకుంటుంది, పొగ ఏ రంగులో వస్తుంది, స్టీరింగు ఎంత వదులుగా ఆడుతుంది.

5. పని స్వరూపం

పాత పెట్రోలు జీపు తరచుగా మొరాయించేది మంట దగ్గర. డిస్ట్రిబ్యూటరులోని పాయింట్ల నడుమ 0.020 అంగుళం, ప్లగ్గు కొనల నడుమ 0.030 అంగుళం ఖాళీ ఉండాలని తయారీదారు నిర్దేశం. కొలిచే గేజి లేనప్పుడు షేవింగు బ్లేడు ఆ పని చేస్తుంది. బ్లేడు మందం 0.1 మిల్లీమీటరు, ఐదు బ్లేడులు కలిపితే అర మిల్లీమీటరు, అంటే దాదాపు 0.020 అంగుళం. దీనిని జుగాడ్ అని కొట్టిపారేయడం పొరపాటు. ఇది ప్రమాణాన్ని వదిలిపెట్టడం కాదు, ప్రమాణాన్ని ఇంకొక వస్తువు ద్వారా చేరుకోవడం.

ముందు యాక్సిలు చివర్లలో చక్రం తిరిగే గుండు భాగం మూసిన డిప్పలో గ్రీజు మధ్య ఉంటుంది. దాని వెనుక ఫెల్టు సీలు అరిగితే రేగడి బురద, నీరు లోపలికి పోతాయి. గ్రీజు ముద్దగట్టి కింగ్‌పిన్ను బేరింగులు తినేస్తాయి. వేగం అందుకోగానే ముందు చక్రాలు వణకడం దీని మొదటి లక్షణం. బేరింగు మూత కింద ఉండే పలుచని షిమ్ములు తీసి బిగువు సరిచేయాలి. ఎంత బిగువు ఉండాలో స్ప్రింగు త్రాసుతో లాగి చూడమని మాన్యువల్ చెబుతుంది. షెడ్డులో చేత్తో తిప్పి చూస్తారు. అనుభవం ఉన్న చేయి ఈ రెంటికీ పెద్ద తేడా రానివ్వదు. అనుభవం లేని చేయి బేరింగును మరుసటి నెలకే పోగొడుతుంది.

ఈ వాహనపు ప్రత్యేకత ట్రాన్స్‌ఫర్ కేసు. గేర్‌బాక్సు వెనుక అమర్చిన ఈ పెట్టె ఇంజను శక్తిని ముందుకు, వెనక్కు పంచుతుంది. పాత జీపులో గేరు రాడ్డు పక్కన మరో రెండు చిన్న రాడ్లు ఉండటానికి కారణం ఇదే: ఒకటి ముందు యాక్సిలును కలపడానికి, మరొకటి శక్తిని పెంచే చిన్న గేరుకు. ఇందులో అందరికంటే ముందు అరిగేది మధ్యలోని ఇంటర్మీడియట్ షాఫ్టు. అది అరిగితే పెట్టె మూలుగుతుంది, గేరు జారి బయటకు వస్తుంది. కింది మూత విప్పి, వెనుక ఉన్న లాకు ప్లేటు తీసి, షాఫ్టును వెనక్కి కొట్టి బయటకు లాగవచ్చు. గేర్‌బాక్సు మొత్తం దించనవసరం లేదు. అసలు చిక్కు తరువాత వస్తుంది. కొత్త షాఫ్టు దొరకకపోతే లేతు మీద తోడించుకోవచ్చు. లేతు కొలతను ఇవ్వగలదు గాని గట్టిదనాన్ని ఇవ్వలేదు. పైపొర గట్టిపడని ఉక్కుతో చేసిన షాఫ్టును సూది రోలర్లు త్వరగానే గాడులు చేస్తాయి. అందువల్లనే వేలంలో వచ్చిన పాత సైనిక భాగానికి, తుప్పు పట్టి ఉన్నా, లేతు మీద మెరిసే కొత్త భాగం కంటే ఎక్కువ విలువ కట్టేవారు. గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసుల నూనె ఒకదాని నుంచి మరొకదానికి చేరే స్వభావం కలది కాబట్టి రెండింటి మట్టమూ చూడాలన్నది మరొక నియమం. ఒకటి మాత్రమే చూసి సరిపెట్టుకున్న యజమాని మూల్యం చెల్లించక తప్పదు.

ముందు, వెనుక యాక్సిళ్లను కలిపే ఈ అమరికలో నడుమ డిఫరెన్షియల్ లేదు. మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరగాలి. బురదలో టైరు జారి ఆ తేడాను సర్దుకుంటుంది. తారు రోడ్డు మీద జారదు. ఒత్తిడి మొత్తం షాఫ్టుల మీద, జాయింటు క్రాసుల మీద పడుతుంది. పొలం నుంచి తారు ఎక్కగానే ముందు యాక్సిలును విడదీయాలన్న నియమం దీని నుంచి వచ్చింది. ఈ కారణం తెలిసిన డ్రైవరు వాహనాన్ని పదేళ్లు ఎక్కువ నడుపుతాడు. సొంత మరమ్మతులో సగం విప్పడం, బిగించడం కాదు, నడపడమే.

ఈ పనిని గొప్పచేసి చెప్పడంలో ఒక ప్రమాదం కూడా ఉంది. బ్రేకు సిలిండరు రబ్బర్లు, స్టీరింగు జాయింట్లు, వెల్డింగు చేసిన యాక్సిలు హౌసింగు వంటి చోట్ల ‘ప్రస్తుతానికి నడుస్తుంది’ అన్న తీర్పు ప్రాణాల మీదికి తెస్తుంది. ఇంజను చెడితే బండి ఆగుతుంది; బ్రేకు చెడితే ఆగదు.

6. పనిముట్ల మాటలు

షెడ్డు భాష స్వయంగా ఒక ఆధారపత్రం. మరమ్మతు అన్న మాట అరబ్బీ నుంచి ఉర్దూ ద్వారా వచ్చింది. మేస్త్రీ పోర్చుగీసు పదం; చావి కూడా అంతే. పానా హిందుస్తానీ నుంచి వచ్చింది. సస్పెన్షన్ స్ప్రింగును కమాను కట్ట అంటారు. కమాను పారశీకంలో విల్లు. విల్లులా వంగిన ఉక్కు పట్టీల కట్టకు ఇంతకంటే సరైన పేరు ఇంగ్లీషులోనూ లేదు. ఇంజను లోపలి భాగాలన్నీ పిస్టను, రింగు, వాల్వు, క్రాంకు అంటూ ఇంగ్లీషులో ఉంటాయి. క్రియలు మాత్రం తెలుగువి: ఇంజను దింపడం, కట్టడం, బండి ఎక్కించడం, రింగులు వేయడం. నామవాచకం యంత్రంతో వచ్చింది, క్రియ ఇక్కడి మనిషిది. 1950 నుంచి అమలైన వృత్తి శిక్షణ పథకం కింద ఐటీఐలలో మోటారు మెకానిక్కు కోర్సు వచ్చినా, పాఠ్యపుస్తకాల పారిభాషికాలు షెడ్డు దాకా చేరలేదు. గురువును ఉస్తాద్ అని పిలిచే చోట సంధానకం, దహనకోష్ఠం వంటి పదాలకు చోటు దొరకడం కష్టం.

7. డీజిల్ మలుపు

1973 చమురు సంక్షోభం తరువాత పెట్రోలు ధర పెరగడంతో పెట్రోలు జీపు యజమానికి భారమైంది. పరిష్కారం రెండు వైపుల నుంచి వచ్చింది. షెడ్లలో పెట్రోలు ఇంజనును దింపి, మద్రాసులో సింప్సన్ సంస్థ లైసెన్సుతో తయారు చేస్తున్న పెర్కిన్స్ వంటి డీజిల్ ఇంజన్లను ఎక్కించడం ఒక దారి. దీనికి కొత్త మౌంటింగులు, క్లచ్చు గృహానికి అడాప్టరు ప్లేటు, బరువు పెరిగినందుకు కమాను కట్టలో అదనపు పట్టీ అవసరమయ్యేవి. ఇది మరమ్మతు స్థాయిని దాటి రూపకల్పన స్థాయికి చేరిన పని. తయారీదారు తన వంతుగా డీజిల్ నమూనాలు తెచ్చాడు. 1963లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ భాగస్వామ్యంతో ఏర్పడిన ట్రాక్టర్ల సంస్థ 1977లో మహీంద్రాలో విలీనమైంది. ఆ కుటుంబానికి చెందిన డీజిల్ ఇంజను జీపులోకి కూడా వచ్చింది. 1979లో ఫ్రాన్సు దేశపు ప్యూజో సంస్థతో ఎక్స్‌డీపీ 4.90 ఇంజను కోసం ఒప్పందం కుదిరింది. 2,112 ఘన సెంటీమీటర్ల ఆ ఇంజను తరువాతి జీపులకు ప్రాణమైంది.

పత్తి ప్రాంతానికి ఈ మలుపు ప్రాముఖ్యం ధరతో ముగియదు. డీజిల్ వచ్చాక జీపు, ట్రాక్టరు ఒకే పరిజ్ఞానం కిందికి వచ్చాయి. ఇంజెక్టరు నాజిలు, ఫ్యూయల్ పంపు, పైపులో గాలి చేరితే తీసే పద్ధతి రెండింటికీ ఒకటే. ట్రాక్టరు ఉన్న ప్రతి ఊరిలోనూ జీపును కనీసం ఇంటిదాకా చేర్చగల మనిషి తయారయ్యాడు. అంతవరకు పట్టణపు షెడ్డుకు పరిమితమైన విద్య పల్లెకు చేరింది ఈ దశలోనే.

8. ముందు యాక్సిలు అదృశ్యం

రోడ్లు మెరుగుపడటంతో నాలుగు చక్రాల అవసరం తగ్గింది. పౌర వినియోగానికి రెండు చక్రాల డ్రైవుతోనే జీపులు విరివిగా వచ్చాయి. పాత వాటికి ముందు షాఫ్టును విప్పి పక్కన పెట్టడం, డీజిలూ టైర్లూ ఆదా అవుతాయని, సాధారణమైంది. 2000 డిసెంబరులో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన పల్లె దారులను తారు కిందికి తెచ్చింది. అదే ఏడాది వచ్చిన బొలెరో, తరువాతి పికప్పులు జీపు చేసే పనులను తీసుకున్నాయి. కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలు సుగ్గికని గుంటూరు మిరప, పత్తి చేలకు తరలిపోయే కాలంలో ఇప్పుడు రోడ్ల మీద కనిపించేవి అవే. విప్పి మూలన పడేసిన ముందు యాక్సిళ్లు చాలావరకు తుక్కు ధరకు పోయాయి. 2010లో థార్ వచ్చి, నగరాలలో పాత ఫోర్ బై ఫోర్ మీద మోజు పెరిగిన తరువాత అదే యాక్సిలు కోసం వెతకడం మొదలైంది. అవసరంగా ఉన్నప్పుడు లేని గౌరవం అలంకారమైనప్పుడు దక్కింది.

9. చట్టం ముందు పాత జీపు

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత వాహనపు రిజిస్ట్రేషను 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తరువాత ఐదేసి ఏళ్లకు పునరుద్ధరించుకోవాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి ఆ రుసుము కారు వర్గానికి 600 రూపాయల నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని అదే చట్టపు 52వ సెక్షను చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని గట్టిగా నిర్ధారించింది. రహదారి భద్రత దృష్ట్యా ఈ నియమాలను తప్పుపట్టలేము. అయితే పెట్రోలు తీసి డీజిల్ ఎక్కించి, పెట్టెను మార్చి, యాక్సిలును తగిలించి బతికించిన బండికి ‘తయారీదారు వివరాలు’ అంటే ఏవి అన్న ప్రశ్నకు ఆర్‌సీ పుస్తకంలో సమాధానం ఉండదు.

2021 జూలైలో కేంద్రం పురాతన వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషను విధానాన్ని ప్రకటించింది. యాభై ఏళ్లు దాటి ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజను విషయంలో గణనీయమైన మార్పు జరిగి ఉండరాదు. నిత్యావసరాలకు గాని, వ్యాపారానికి గాని వాడరాదు. ఈ మూడు షరతులనూ కలిపి చదివితే వారసత్వం అన్న మాటకు చట్టం ఇచ్చిన అర్థం తెలుస్తుంది. గ్యారేజీలో కదలకుండా ఉన్న జీపు వారసత్వం. పొలంలో అరవై ఏళ్లు పనిచేసి, అందుకోసం రెండుసార్లు ఇంజను మార్చుకున్న జీపు కాదు. మరమ్మతు జరిగిందన్నదే అనర్హతకు కారణమైంది.

ప్రభుత్వ వాహనాల విషయంలో 2023 జనవరిలో వెలువడిన నోటిఫికేషను మరింత సూటిగా ఉంది. 15 ఏళ్లు దాటిన కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల, ప్రభుత్వరంగ సంస్థల వాహనాల రిజిస్ట్రేషను 2023 ఏప్రిల్ 1 నుంచి చెల్లదు. రక్షణ, శాంతిభద్రతల వంటి అవసరాలకు వాడే ప్రత్యేక వాహనాలకు మినహాయింపు ఉంది. మిగిలినవి గుర్తింపు పొందిన తుక్కు కేంద్రాలకే వెళ్లాలి. ఎమ్మిగనూరు రైతు పాట పాడి కొని, ఆదోని షెడ్డులో కట్టించుకొని, పొలానికి తోలుకుపోయే అవకాశం ఆ జీపులకు లేదు.